బడిలో బుద్ధిమంతురాలు, ఇంటికొస్తే ఏడుపు: తొమ్మిదేళ్ల పాపకి ఆటిజం అసెస్‌మెంట్ చేయించాలా?

నీలికలువ
అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా పాపకి తొమ్మిదేళ్లు. మాటలు తొందరగానే వచ్చాయి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకముందే చదవడం మొదలుపెట్టింది. బడిలో ఒక్క ఫిర్యాదు లేదు, టీచర్లందరికీ ఇష్టం. ఇంటికొచ్చి బూట్లు విప్పేలోపే వేరే పాప అయిపోతుంది. బ్యాగు రోజూ తగిలించే కొక్కేనికి కాకుండా కుర్చీ మీద పెట్టమన్నానని మొన్న మొదలైన ఏడుపు చీకటి పడేదాకా ఆగలేదు. ఏమైందని అడిగినకొద్దీ ఎక్కువవుతుంది. చివరికి మంచానికీ గోడకీ మధ్య దూరి, చెవులు మూసుకుని, దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. అలిగినట్టు ఉండదు, ఒంట్లో సత్తువంతా అయిపోయినట్టు ఉంటుంది.

గౌను మెడ దగ్గర లేబుల్ కత్తిరించకపోతే వేసుకోదు. కత్తిరించాక కుట్టులో మిగిలిన పోగు తగిలినా విప్పేస్తుంది. మిక్సీ వేసే ముందు చెప్పాలి. గ్రహాలకున్న ఉపగ్రహాల పేర్లు వరసపెట్టి చెబుతుంది, వినేవాళ్లు విసుక్కుంటున్నారని గమనించదు. ఒకే ఒక్క స్నేహితురాలు. ఆ అమ్మాయి రాని రోజు ఆటల పీరియడ్‌లో మైదానం అంచు వెంట ఒక్కతే నడుస్తుందట. అది కూడా ఆ అమ్మాయి వాళ్లమ్మ చెబితే తెలిసింది.

పిల్లల డాక్టరుకి చూపించాం. కాసేపు పాపతో మాట్లాడి "కళ్లలోకి చూసి చక్కగా జవాబు చెబుతోంది, ఆటిజం ఏంటమ్మా, అనవసరంగా టెన్షన్ పడకండి" అన్నారు. మా అత్తగారు గారాబం అంటారు. మావారు కొన్నాళ్లు చూద్దామంటారు. నాకు మనసు ఒప్పుకోవడం లేదు. అసెస్‌మెంట్‌కి వెళ్లాలా? ఎవరి దగ్గరికి వెళ్లాలి? అక్కడ పిల్లని ఏం చేస్తారు?

రవి_నాన్న
వెళ్లండమ్మా. మావాడి కథ వేరు. వాడికి రెండో ఏడు దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడు కాదు, ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపించకుండా మా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళ్లేవాడు. మొదట వినికిడి పరీక్ష చేయించమన్నారు. అది బాగానే ఉందని తేలాకే ముందుకు వెళ్లాం. మాటలు ఆలస్యమైన పిల్లలెవరికైనా వినికిడి పరీక్ష ముందు చేయించాలి. చెవి సమస్య వల్ల కూడా పిలిస్తే పలకకపోవచ్చు.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. ఆటిజం ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. ఎవరైనా మెదడు స్కాన్ తీసి ఆటిజం తేలుస్తామంటే నమ్మకండి. మూర్ఛలాంటి అనుమానం ఉంటే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) రాస్తారు, కొందరికి జన్యు పరీక్షలు రాస్తారు. అవి వెనకున్న కారణాలు వెతకడానికి. ఆటిజం అని చెప్పేది మాత్రం పిల్లల ప్రవర్తన చూసి, పెరిగిన తీరు అడిగి తెలుసుకునే.

పలుకు_థెరపిస్ట్
నేను స్పీచ్ థెరపిస్టుని, పిల్లలతోనే పని. నీలికలువ గారూ, కాసేపు మాట్లాడి "ఆటిజం లేదు" అనడం కుదరదు, "ఉంది" అనడమూ కుదరదు. కళ్లలోకి చూస్తే ఆటిజం కాదనేది చాలా పాత అపోహ. చూడటం నేర్చుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు.

ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు అనుసరించేది అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం వాళ్ల డీఎస్ఎం-5 ప్రమాణాలు, 2013లో వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల జబ్బుల జాబితా ఐసీడీ-11 కూడా 2022 నుంచి అమల్లో ఉంది, రెండూ దాదాపు ఒకే దారి. డీఎస్ఎం-5 ప్రకారం రెండు వైపులా చూస్తారు. మొదటిది, నలుగురితో కలవడం, మాట ఇచ్చిపుచ్చుకోవడం, ముఖకవళికలు, చేతి సైగలు, స్నేహాలు. ఇందులో మూడు అంశాలుంటాయి, మూడింటిలోనూ ఇబ్బంది కనపడాలి. రెండోది, ఒకే పని పదేపదే చేయడం, మార్పు తట్టుకోలేకపోవడం, ఒకే విషయం మీద గాఢమైన ఇష్టం, శబ్దం, వెలుగు, స్పర్శ లాంటివి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడం. ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. మీరు రాసిన లేబుల్, మిక్సీ, బ్యాగు కొక్కెం, ఉపగ్రహాలు ఈ రెండో వైపుకి వస్తాయి. మొదటి వైపు సంగతి మీ పోస్టు చదివి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. దానికే అసెస్‌మెంట్.

ఆ లక్షణాలు చిన్నప్పటి నుంచే ఉండాలి. కానీ నలుగురిలో మెలగాల్సిన అవసరం పిల్లల శక్తిని మించేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చనీ, నేర్చుకున్న పద్ధతులతో కప్పిపుచ్చి ఉండొచ్చనీ ఆ ప్రమాణాల్లోనే రాసి ఉంది. తొమ్మిదేళ్లొచ్చాక ఆటిజం ఏంటి అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ (పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు), పిల్లల సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, వీళ్లలో ఆటిజం అసెస్‌మెంట్ అలవాటున్నవాళ్లు కావాలి. వాళ్లతోపాటు స్పీచ్ థెరపిస్టు, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్టు) కూడా చూసి కలిసి రాసిన రిపోర్టు అయితే మరీ మంచిది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "బాగా మాట్లాడే ఆడపిల్లల్ని చూసిన అనుభవం ఉందా" అని అడగండి. మొహమాటపడకండి.

నిదానమే_ప్రధానం
నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా పాప మేలు కోరే చెబుతున్నాను. చదువులో బాగుంది, బడిలో ఇబ్బంది లేదు. ఇప్పుడు ఒక పేరు తగిలిస్తే రేపు బడిలో ఆ పేరుతోనే చూస్తారు, చుట్టాల్లో నలుగురికీ తెలుస్తుంది. మా అన్నయ్య కొడుకు అచ్చం ఇలాగే ఉండేవాడు. ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. కొంతమంది పిల్లలు సున్నితంగా ఉంటారు, అంతే కదా? ప్రతిదానికీ డాక్టర్ల చుట్టూ తిరగాలా?

పదిహేడులో_తెలిసింది
నాకు పదిహేడేళ్లప్పుడు డయాగ్నసిస్ వచ్చింది. అంతకుముందు నేను కూడా "బడిలో బుద్ధిమంతురాలినే".

నిదానమే_ప్రధానం గారూ, పేరు తగిలించడం డాక్టరు దగ్గర మొదలవదండీ. నాకు చిన్నప్పటి నుంచీ చాలా పేర్లున్నాయి. పొగరు, ముభావం, నాటకాలు, మొండి. వాటిలో ఏదీ నిజం కాదు, ఏదీ సాయం చేయలేదు. అద్దం ముందు నిలబడి క్లాసులో అమ్మాయిలు నవ్వే తీరు సాధన చేసేదాన్ని. ఎవరైనా జోక్ చెబితే పక్కమ్మాయి ముఖం చూసి, తను నవ్వగానే నేనూ నవ్వేదాన్ని. ఒక్క క్షణం ఆలస్యమైతే ఎక్కడ కనిపెట్టేస్తారోనని భయం. ఇలా సాయంత్రం దాకా నెట్టుకొచ్చి ఇంటికొస్తే మాట పెగిలేది కాదు. దీన్ని మాస్కింగ్ అంటారు. పదిహేనేళ్లకి పొద్దున లేచి యూనిఫాం వేసుకోవడమే చేతకాని స్థితికి వచ్చాను. అప్పటికి డిప్రెషన్ అని మందులు రాశారు, దాని కింద ఉన్నది ఎవరూ చూడలేదు.

ఆడపిల్లల్లో ఇది తప్పిపోవడం చాలా మామూలు. నలుగురు మగపిల్లలకి ఒక ఆడపిల్ల అనేది తరచూ చెప్పే లెక్క. చాలా అధ్యయనాల్ని కలిపి 2017లో చేసిన విశ్లేషణలో అది మూడుకి ఒకటి దగ్గరగా తేలింది. అంటే ఉన్నా గుర్తింపు దొరకని ఆడపిల్లలు చాలామంది ఉన్నారు.

నీలికలువ గారూ, బడి తర్వాత పాప అలా అవుతోందంటే మీ దగ్గర తనకి భద్రంగా అనిపిస్తోందని. అసెస్‌మెంట్ చేసేవాళ్లకి ఆ సాయంత్రాల గురించి తప్పకుండా చెప్పండి. బడి వాళ్ల మాట ఒక్కటే వింటే సగమే తెలుస్తుంది.

నీలికలువ
నీ పోస్టు మావారికి చదివి వినిపించానమ్మా. ఏమీ అనలేదు, కానీ అపాయింట్‌మెంట్ తీసుకోమన్నారు. నిదానమే_ప్రధానం గారూ, మీరు మనసులో మాట చెప్పారు, మా ఇంట్లోనూ ఇదే మాట నడుస్తోంది.

వెయిటింగ్ లిస్ట్ చాలా పొడుగ్గా ఉంది. ఈలోపు నేనేం సిద్ధం చేసుకోవాలి? అక్కడికెళ్లాక నోట మాట రాదేమోనని భయంగా ఉంది.

పలుకు_థెరపిస్ట్
నోరు రాకపోయినా కాగితం మాట్లాడుతుంది. ఇప్పటినుంచే ఒక నోటుపుస్తకం పెట్టండి. "కోపం ఎక్కువ" అని రాయొద్దు, మాకు పనికిరాదు. "బ్యాగు కుర్చీ మీద పెట్టమన్నాను, ఏడ్చింది, చెవులు మూసుకుంది, ఇంత సేపటికి తేరుకుంది" అని రాయండి. ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, తర్వాత ఎలా సర్దుకుంది, ఈ మూడూ ఉండాలి. మీరు మొదటి పోస్టులో రాసిన తీరు సరిగ్గా అలాగే ఉంది, దాన్నే ప్రింటు తీసి పట్టుకెళ్లినా మంచిదే.

చిన్నప్పటి వివరాలు చాలా ముఖ్యం. ఎప్పుడు వేలు పెట్టి చూపించింది, మొదటి మాటలేవి, ఉత్తుత్తి ఆటలు ఆడేదా, తోటి పిల్లల దగ్గరికి తనంతట తను వెళ్లేదా. ఇన్నేళ్ల తర్వాత ఎవరికీ అన్నీ గుర్తుండవు, అందుకే పాత వీడియోలు వెతకండి. ఒకటి రెండేళ్ల వయసులో తీసినవైతే బంగారం. పాప పోజు ఇచ్చిన ఫోటోల కంటే, వెనకాల ఎవరో మాట్లాడుతుంటే తను ఓ పక్కన ఆడుకుంటున్న వీడియోలే మాకు ఎక్కువ చెబుతాయి. బడి నుంచి కూడా ఒక ఉత్తరం అడగండి. మార్కుల సంగతి అక్కర్లేదు, విరామంలో, గ్రూపు పనిలో, టైమ్‌టేబుల్ మారిన రోజున ఎలా ఉంటుందో రాయమనండి.

అక్కడ జరిగేది చెబుతాను. చాలాచోట్ల మీతో విడిగా మాట్లాడతారు. ఏడీఐ-ఆర్ అనే ఇంటర్వ్యూ వాడితే అందులో 93 అంశాలుంటాయి, గంటన్నర నుంచి రెండున్నర గంటల దాకా పట్టొచ్చు. పాపతో ఏడాస్-2 చేయొచ్చు, అంటే ఆటల్లో, మాటల్లో పెట్టి పిల్లని గమనించడం. అది నలభై నిమిషాల నుంచి గంట. ఐదు మాడ్యూళ్లుంటాయి, వయసునీ మాటనీ బట్టి ఒకటి ఎంచుకుంటారు. చిన్నపిల్లలైతే బుడగలు, బొమ్మలతో ఆట. మీ పాప వయసుకి బొమ్మల పుస్తకం చూసి కథ చెప్పడం, స్నేహం గురించి, కోపం గురించి కబుర్లు. సూదులుండవు, పాస్ ఫెయిల్ ఉండదు. జవాబు ఒప్పా తప్పా అని కాదు, ఎలా చెబుతోందని చూస్తారు. కాబట్టి ముందే నేర్పి తీసుకెళ్లకండి. "బుద్ధిగా ఉండు" అని కూడా అనొద్దు, ఉన్నదాన్ని దాచేసుకుంటుంది.

ఇంకోటి, ఏడాస్ స్కోరు ఒక్కటే డయాగ్నసిస్ కాదు. మాస్కింగ్ అలవాటైన పిల్లలకి ఆ గంటలో స్కోరు తక్కువ రావచ్చు. మీరు చెప్పిందీ, బడి చెప్పిందీ, వాళ్లు చూసిందీ కలిపి అనుభవమున్న మనిషి నిర్ణయించాలి.

చిన్నోడి_అమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకి 22 నెలలు. ఆన్‌లైన్‌లో ఎంచాట్ అని 20 ప్రశ్నలుంటే పెట్టాను, 6 వచ్చింది. రాత్రి నుంచి నిద్ర లేదు. ఆటిజం అనే కదా అర్థం?

రవి_నాన్న
కాదమ్మా, ముందు కాస్త ఊపిరి తీసుకో. ఎంచాట్-ఆర్ అనేది జల్లెడ మాత్రమే. 16 నుంచి 30 నెలల పిల్లలకి వాడతారు. 0 నుంచి 2 వస్తే తక్కువ, 3 నుంచి 7 మధ్యస్థం, 8 ఆ పైన ఎక్కువ. నీకొచ్చింది మధ్యస్థం. తప్పిన ప్రశ్నల్నే డాక్టరో నర్సో మళ్లీ విడమరచి అడిగే రెండో దశ ఒకటుంది, అక్కడ చాలామంది పిల్లల మీద అనుమానం తీరిపోతుంది. తీరకపోతే అసెస్‌మెంట్‌కి పంపిస్తారు. ఫోన్లో పెట్టుకున్న స్కోరుతో ఏ నిర్ణయానికీ రాకు, కానీ అపాయింట్‌మెంట్ కూడా వాయిదా వేయకు.

బాబుకి వచ్చిన మాటలు గానీ, టాటా చెప్పడం లాంటివి గానీ పోయాయా? అలా ఉన్నవి పోతే ఏ వయసులోనైనా వెంటనే చూపించాలి, వెయిటింగ్ లిస్ట్‌లో కూర్చోకూడదు.

చిన్నోడి_అమ్మ
పోలేదన్నా, అసలే తక్కువ. రేపే డాక్టరుకి ఫోన్ చేస్తాను. మా పక్కింటావిడ టీకాల వల్లే అంటోంది...

రవి_నాన్న
టీకాల వల్ల కాదు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పన్నెండు మంది పిల్లల మీద వచ్చిన ఒక వ్యాసం ఈ భయానికి మొదలు. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, రాసిన డాక్టరు పేరు వైద్యుల జాబితా నుంచి తీసేశారు. ఆ తర్వాత లక్షల మంది పిల్లల మీద చూశారు, సంబంధం కనపడలేదు. మిగిలిన టీకాలు మానకండి.

ఇది చెప్పక తప్పదు. డయాగ్నసిస్ అనే మాట బయటికి రాగానే "నయం చేస్తాం" అని వచ్చేవాళ్లుంటారు. ఒంట్లో లోహాలు తీసేస్తామని మందులెక్కించడం, మూలకణాల ఇంజెక్షన్లు, ఆక్సిజన్ గదులు. ఆ లోహాలు తీసే పద్ధతినే కీలేషన్ అంటారు, దానివల్ల పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి. మాకు కూడా ఒకరు గ్యారంటీ అన్నారు. ఎన్నాళ్లలో మామూలవుతాడో లెక్కగట్టి చెప్పేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. స్పీచ్ థెరపీ, ఓటీ మొదలుపెట్టడానికి డయాగ్నసిస్ కాగితం చేతికి రానక్కర్లేదు. మాట ఆలస్యమైందన్న ఒక్క కారణం చాలు. మేం లిస్టులో ఉండగానే మొదలుపెట్టాం, వాడికి ఆ నెలలు వృథా పోలేదు.

నిదానమే_ప్రధానం
పదిహేడులో_తెలిసింది రాసింది చదివాక నాకు మా అన్నయ్య కొడుకు గురించి వేరేగా ఆలోచన వస్తోంది. ఉద్యోగం చేస్తున్నాడన్నాను, నిజమే. కానీ ఎవరితోనూ కలవడు, ఇల్లు దాటడు. బాగున్నాడని మేమే అనుకుంటున్నామేమో. తనకి ఇరవై ఆరు. ఈ వయసులో చూస్తారా? ఒకవేళ అసెస్‌మెంట్‌లో ఆటిజం కాదని తేలితే అంత శ్రమా దండగే కదా?

పలుకు_థెరపిస్ట్
చూస్తారు సర్, పెద్దవాళ్లకీ చేస్తారు. కాకపోతే తనకి తెలియకుండా అపాయింట్‌మెంట్ తీసుకోకండి. ముందు ఆ అబ్బాయితో మాట్లాడండి, వెళ్లాలా వద్దా అనేది తన ఇష్టం. టీనేజీ పిల్లల విషయంలోనూ ఇంతే, వాళ్లని అడిగి వాళ్లతో కలిసి వెళ్లాలి.

కాదని తేలితే దండగేమీ కాదు. ఆందోళన, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం), భాషకి సంబంధించిన ఇబ్బంది, నిద్ర, వినికిడి, ఇవన్నీ పైకి ఆటిజంలాగే కనపడొచ్చు. మంచి రిపోర్టు "కాదు" అని ఆపేయదు, మరి ఏమిటో, ఏం చేయాలో రాస్తుంది. రెండూ కలిసీ ఉండొచ్చు. 2013కి ముందు అమెరికన్ ప్రమాణాల్లో ఆటిజం ఉందంటే ఏడీహెచ్‌డీ రాయడానికి వీల్లేదు. ఇప్పుడు రెండూ రాస్తారు, చాలామంది పిల్లల్లో కలిసే ఉంటాయి కూడా. పాత రిపోర్టుల్లో ఆస్పర్గర్ అని ఉండేది కూడా 2013 నుంచి ఆటిజం స్పెక్ట్రమ్‌లోనే కలిపేశారు. కాదన్న ఫలితం మీకు పొసగడం లేదనిపిస్తే ఎందుకు కాదన్నారో అడిగి రాయించుకోండి, రెండో అభిప్రాయానికి అది పట్టుకెళ్లొచ్చు.

నీలికలువ
కొన్ని నెలలైంది, చెప్పాల్సిన బాధ్యత ఉందనిపించి మళ్లీ వచ్చాను. అసెస్‌మెంట్ అయింది. ఆటిజం స్పెక్ట్రమ్, సాయం అవసరమయ్యే స్థాయి 1 (మూడు స్థాయిల్లో తక్కువ సాయం కావాల్సింది), దాంతోపాటు ఆందోళన అని రాశారు.

లోపల ఏం జరిగిందో కొంచెం చెబుతాను, వెళ్లబోయేవాళ్లకి పనికొస్తుంది. సైకాలజిస్టు బొమ్మల పుస్తకం ఇచ్చి కథ చెప్పమంటే పాప ప్రతి పేజీలో ఏమేం వస్తువులున్నాయో, ఎన్ని ఉన్నాయో చెప్పింది, ఎవరికి ఎలా అనిపించిందో ఒక్క ముక్క రాలేదు. "నీకు ఒంటరిగా ఎప్పుడైనా అనిపిస్తుందా" అంటే "విరామం 20 నిమిషాలు, నేను చుట్టూ ఏడుసార్లు నడుస్తాను" అంది. బయట కూర్చుని వింటున్న మావారు అప్పుడు తల దించుకున్నారు. మా నోటుపుస్తకం ఆవిడ మొత్తం చదివారు. రెండేళ్లప్పటి వీడియో ఒకటి, గదిలో నలుగురు పిల్లలు గోల చేస్తుంటే పాప మూతలు పరిమాణం ప్రకారం పేర్చుకుంటున్నది, రెండుసార్లు చూశారు. బడి ఉత్తరంలో "ఏ ఇబ్బందీ లేదు" అని ఉంది. "ఇది మాస్కింగ్‌కి సాక్ష్యంగా పెడతాను" అన్నారు.

పాపకి కూడా చెప్పాం, ఆవిడే ఎలా చెప్పాలో నేర్పారు. నీ మెదడు పనిచేసే తీరుకి ఒక పేరుంది, నీలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు అని. "అయితే నేను చెడ్డదాన్ని కాదా" అని అడిగింది. ఆ అనుమానం తనకి ఎప్పటి నుంచి ఉందో.

ఇప్పుడు బడితో మాట్లాడాలి. వాళ్లు ఇంకా నమ్మడం లేదు. ఏం అడగాలో చెప్పండి. మా రెండో వాడికి ఏడాదిన్నర, వాడినీ చూపించాలా?

పదిహేడులో_తెలిసింది
ఆ ప్రశ్న నేనూ అడిగానక్కా, కాకపోతే నన్నే అడుక్కున్నాను. తనకి తొమ్మిదేళ్లకే జవాబు దొరికింది.

బడిని నమ్మించే పని పెట్టుకోకండి, రిపోర్టులో సిఫారసుల పేజీ ఒక్కటి వాళ్ల ముందు పెట్టి కావలసినవి అడగండి. నాకు పనికొచ్చినవి చెబుతాను. టైమ్‌టేబుల్ మారుతుంటే ముందురోజే చెప్పడం. టీచరు కాని ఒక పెద్ద మనిషిని చూపించి, కష్టమనిపిస్తే అడక్కుండా తన దగ్గరికి వెళ్లొచ్చని ఒప్పందం. విరామంలో గ్రంథాలయంలో కూర్చోనివ్వడం, మైదానానికి బలవంతంగా పంపకపోవడం. గ్రూపు పనిలో తన వంతు ఏమిటో కాగితం మీద రాసివ్వడం. గోల ఎక్కువున్న చోట చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్స్. వీటికి బడివాళ్లకి పెద్ద కష్టం లేదు. అన్నీ ఒకేసారి అడగొద్దు, పాపనే కూర్చోబెట్టి ముందు ఏవి రెండు కావాలో తననే ఎంచుకోమనండి.

పలుకు_థెరపిస్ట్
చాలా మంచి జాబితా, దీనికి నేను కలపాల్సిందేమీ లేదు.

చిన్నవాడి గురించి: ఇంట్లో ఒకరికి ఉన్నప్పుడు తర్వాతి పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఉండే అవకాశముంది. అంటే ఎక్కువమందికి ఉండదు. అయినా 18 నెలలు వచ్చాయి కాబట్టి ఎంచాట్ పెట్టించండి. ఇంట్లో కాదు, డాక్టరు దగ్గర. అక్కకి డయాగ్నసిస్ ఉందని మొదటే చెప్పండి, ఆ మాట వింటే "కొన్నాళ్లు చూద్దాం" అనరు.